కెర్నెల్ గడప దాటిన మాడ్యూలు ఎవరిది?

నమస్కారం. వెనక వరసవాళ్లకి వినపడుతోందా? సరే.

ముందే చెప్పేస్తున్నాను, నేను లాయర్ని కాను. డ్రైవర్లు రాసుకుని బతికేవాణ్ణి. లైసెన్సుల గురించి నాకు తెలిసిందంతా దెబ్బలు తిని నేర్చుకున్నదే. మొదటి దెబ్బ సంగతి చెప్పి విషయంలోకి వస్తాను.

చాలా ఏళ్ల కిందట, ఒక కంపెనీలో ఉండగా, డేటా సేకరించే ఒక కార్డుకి లినక్స్ డ్రైవర్ రాసే పని పడింది. కార్డు చేసినవాళ్లు సోర్సు మేం ఇవ్వం అన్నారు. కంపైల్ చేసేసిన ఒక ఆబ్జెక్టు ఫైలు మాత్రం చేతిలో పెట్టారు. దాన్ని నా కోడ్‌తో కలిపి మాడ్యూలు, అంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్లోకి ఎక్కించే కోడ్ ముక్క, కడుతుంటే, బిల్డ్ ఆఖరి మెట్టులో ఆగిపోయింది. జీపీఎల్‌తో (అదొక స్వేచ్ఛా లైసెన్సు) పొసగని మాడ్యూలు జీపీఎల్‌వాళ్లకే కేటాయించిన సింబల్‌ని, అంటే కెర్నెల్ ఫంక్షన్ పేరుని, వాడుతోంది అని ఎర్రర్. మా టీమ్ లీడ్ వచ్చి చూసి, "ఓస్, ఇంతేనా! లైసెన్స్ లైన్లో ప్రొప్రైటరీ అన్నది కొట్టేసి జీపీఎల్ అని రాసెయ్" అన్నాడు. రాసేశాను. బిల్డ్ అయింది, లోడ్ అయింది, సాయంత్రానికి కార్డు పనిచేసింది. అందరం సంతోషంగా ఇళ్లకి పోయాం.

నాలుగు నెలల తర్వాత కస్టమర్ దగ్గర్నించి ఒక మెయిలు. రెండే వాక్యాలు. "మీ మాడ్యూలు తనది జీపీఎల్ అని చెబుతోంది. సోర్సు ఎక్కడ దొరుకుతుంది?"

ఆ రెండు వాక్యాలకి జవాబు రాయడానికి మాకు ఆరు వారాలు పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ లైసెన్స్ లైను ఏమిటి? దాన్ని మార్చితే ఏం మారింది, ఏం మారలేదు? ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ తేడా ఒక్కటే.

లినక్స్ మొదలైంది 1991లో. మొట్టమొదటి లైసెన్సు, దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ సొంతంగా రాసుకున్నది, డబ్బు తీసుకుని పంచకూడదు అనేది. 1992లో జీపీఎల్ రెండో వెర్షన్‌కి మారారు. ఆనాటి నుంచి ఈనాటి దాకా రెండో వెర్షనే. 2007లో మూడోది వచ్చినా కెర్నెల్ దానికి మారలేదు. మారడం కుదిరే పని కూడా కాదు, ఎందుకంటే ఇందులో కోడ్ రాసిన వేలమంది ఎవరి ముక్కకి వాళ్లే హక్కుదారులు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కోర్టు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

జీపీఎల్ సారాంశం మీకు తెలుసు. ఈ కోడ్‌నీ, దీన్నుంచి పుట్టిన రచననీ ఇంకొకరి చేతికి ఇస్తే, అదే లైసెన్సుతో, సోర్సుతో సహా ఇవ్వాలి. తగాదా అంతా "దీన్నుంచి పుట్టిన రచన" అన్న మాట దగ్గరే. మామూలు ప్రోగ్రాములకి ఈ తగాదా లేకుండా లినస్ మొదట్లోనే కాపీయింగ్ అనే ఫైల్లో ఒక ముక్క రాసిపెట్టారు. సిస్టమ్ కాల్స్ ద్వారా, అంటే బయటి ప్రోగ్రాములు కెర్నెల్‌ని పని అడిగే దారిలో, కెర్నెల్ సేవలు వాడుకునే ప్రోగ్రాములు కెర్నెల్ నుంచి పుట్టినవిగా లెక్కకి రావు అని. అందుకే ఎంత రహస్యమైన డేటాబేస్ అయినా లినక్స్ మీద నిశ్చింతగా నడుస్తుంది.

మాడ్యూలుకి ఆ అభయం లేదు. మాడ్యూలు సిస్టమ్ కాల్ గడప బయట నిలబడదు. లోపలికొచ్చి కూర్చుంటుంది. కెర్నెల్ మెమరీలోనే దాని చోటు. కెర్నెల్ ఫంక్షన్లని నేరుగా పిలుస్తుంది. కెర్నెల్ హెడర్లలోని ఇన్‌లైన్ ఫంక్షన్లు కంపైల్ అయి దాని ఒంట్లో కలిసిపోతాయి. మరి అది కెర్నెల్ నుంచి పుట్టినట్టేనా?

అన్నీ ఒకే గాటన కట్టలేం. ఆండ్రూ ఫైల్ సిస్టమ్ అని ఒకటుంది. అది లినక్స్ కోసం పుట్టింది కాదు. వేరే యూనిక్సుల మీద పెరిగి పెద్దదై, తర్వాత లినక్స్‌కి వచ్చింది. 2003లో లినస్ ఒక చర్చలో ఈ ఉదాహరణే తీసుకుని చెప్పారు. పుట్టుక ఎక్కడో ఉండి ఇక్కడికి వచ్చినదాన్ని కెర్నెల్ పిల్ల అనడం కష్టం, అదే లినక్స్‌ని మనసులో పెట్టుకుని, దాని లోపలి తీరు తెలిసి రాసినదైతే కాదని బుకాయించడం కష్టం. ఆయన మాట తీర్పేమీ కాదు. కానీ మాడ్యూలు పుట్టుకని చూడాలన్న ఆ కొలబద్ద నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

2001లో రెండు గుర్తులు వచ్చాయి. ఒకటి, ప్రతి మాడ్యూలూ తన లైసెన్సు ఏమిటో ఒక లైన్లో చెప్పుకోవాలి. చెప్పకపోయినా, ప్రొప్రైటరీ (సోర్సు ఇవ్వని సొంత కోడ్) అని చెప్పినా, కెర్నెల్ తన మీద టెయింట్ అనే మరక వేసుకుంటుంది. ప్రాక్ కింద టెయింటెడ్ అనే ఫైల్ తెరిచి చూడండి, ఒక అంకె కనిపిస్తుంది. అందులో 1 కలిసి ఉంటే ప్రొప్రైటరీ మాడ్యూలు ఎక్కిందని, 4096 ఉంటే కెర్నెల్ సోర్సులో లేని బయటి మాడ్యూలు ఎక్కిందని. ఆ 4096కీ లైసెన్సుకీ సంబంధం లేదు, జీపీఎల్ మాడ్యూలైనా బయటినుంచి వస్తే పడుతుంది. చాలామంది ఈ రెంటినీ కలిపేసి కంగారుపడతారు.

ఈ మరకకి అసలు కారణం చట్టం కంటే చాకిరీ. కెర్నెల్ కుప్పకూలితే రిపోర్టు డెవలపర్ల దగ్గరికి వస్తుంది. కళ్లకి కనపడని కోడ్ ఒకటి లోపల తిరుగుతుంటే మెమరీని ఎవరు పాడుచేశారో ఎలా కనిపెడతారు? అందుకని మరక చూసి, ఆ మాడ్యూలు తీసేసి మళ్లీ రమ్మంటారు. నన్నడిగితే న్యాయమే.

2004లో లినక్సాంట్ అనే మోడెమ్ డ్రైవర్ల కంపెనీ చేసిన చమత్కారం వినండి. లైసెన్స్ లైన్లో జీపీఎల్ అని రాసి, వెంటనే ఒక సున్నా బైటు పెట్టి, ఆ తర్వాత "ఫలానా డైరెక్టరీలోని ఫైళ్లకి మాత్రమే" అన్న అర్థం వచ్చేలా మిగతా వాక్యం రాశారు. సీ భాషలో సున్నా బైటు వస్తే స్ట్రింగ్ అయిపోయినట్టే కదా? కెర్నెల్ "జీపీఎల్" వరకు చదివి, బాగుందనుకుని లోపలికి రానిచ్చింది. మనిషి చదివితే ఒక అర్థం, యంత్రం చదివితే ఇంకో అర్థం! మరక హెచ్చరికలు పదేపదే వచ్చి వాడుకదారులు బెదిరిపోతున్నారు, అందుకే అలా చేశాం అన్నది వాళ్ల సంజాయిషీ. చాలా గొడవ జరిగింది. మాడ్యూళ్లని లోడ్ చేసే కోడ్ తెరిచి చూస్తే, పేరు పెట్టి మరక వేసిన మాడ్యూళ్లు ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి. డ్రైవర్‌లోడర్ అనేదొకటి, జీపీఎల్ అని అబద్ధం చెబుతూ దొరికిపోయిందని పక్కనే కామెంటు కూడా ఉంది. ఎన్‌డీఐఎస్‌రాపర్ ఇంకొకటి. దాని సొంత కోడ్ జీపీఎల్లే పాపం, కానీ లోపలికి తెచ్చి నడిపేది విండోస్ వైర్‌లెస్ డ్రైవర్లని.

రెండో గుర్తు, ఎక్స్‌పోర్ట్ సింబల్ జీపీఎల్. కెర్నెల్ తన ఫంక్షన్లు కొన్నిటిని మాడ్యూళ్లకి అందుబాటులో ఉంచుతుంది. మామూలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఎవరైనా పిలవొచ్చు. జీపీఎల్ తోక తగిలిస్తే, లైసెన్స్ లైన్లో జీపీఎల్‌కి పొసిగే పేరు చెప్పినవాళ్లే పిలవగలరు. నా బిల్డ్‌ని ఆపింది ఇదే.

దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. తోక ఉన్న ఫంక్షన్‌ని పిలిస్తే తప్పు, లేనిదాన్ని పిలిస్తే ఒప్పు అనుకుంటారు. తోక లేని ఫంక్షన్లు మాత్రమే వాడినంత మాత్రాన మీ మాడ్యూలుకి జీపీఎల్ నుంచి మినహాయింపు ఏమీ రాదు. అది కెర్నెల్ నుంచి పుట్టిన రచన అవునా కాదా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. తోక పెట్టినవాళ్లు చెప్పేది ఇంతే: ఈ ఫంక్షన్ ఎంత లోపలిదంటే, దీన్ని వాడి కూడా నాకు కెర్నెల్‌తో చుట్టరికం లేదనడం కుదరదని మా నమ్మకం. అది రచయిత ఉద్దేశానికి ఆనవాలు. తోక లేకపోవడం అనుమతి పత్రం కాదు.

ఆ ఆనవాలుని కూడా తేలిగ్గా తీసుకోనివ్వరు. 2012లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా ఇంజనీరు ఒకరు, డ్రైవర్ల మధ్య బఫర్లు పంచుకునే డీఎమ్ఏ-బఫ్ ఫంక్షన్లకి ఆ తోక తీసేయమని ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపారు. కెర్నెల్ డెవలపర్ ఆలన్ కాక్స్ ఒప్పుకోలేదు. నా కోడ్ జీపీఎల్ కింద ఇచ్చాను, దాన్ని ఇలా వాడుకోవడానికి నేను అనుమతి ఇవ్వలేదు అన్నది ఆయన వాదన. హక్కుదారు స్వయంగా కుదరదన్న తర్వాత మిగతావాళ్లు సరేనన్నా లాభం లేదు.

అలాగని కెర్నెల్ పెద్దలంతా ఒకే మాట మీద ఉన్నారనుకోకండి. 2006 డిసెంబరులో ఇంకో కెర్నెల్ డెవలపర్ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ఒక ప్యాచ్ పెట్టారు. 2008 జనవరి నుంచి జీపీఎల్ కాని మాడ్యూలు ఏదీ లోడ్ కాకుండా చేసేది. దాన్ని అడ్డుకున్నది ఎవరో కాదు, లినస్. కాపీరైటుకి చట్టం కొన్ని హద్దులు గీసింది, సాంకేతిక తాళాలు వేసి ఆ హద్దుల్ని మించి లాక్కోవడం పాటల కంపెనీలు చేస్తే తిడతాం, మనం చేస్తే ఒప్పా అని ఆయన అడిగారు. గ్రెగ్ ప్యాచ్ వెనక్కి తీసుకున్నారు. 2008లో మాత్రం వందమందికి పైగా డెవలపర్లు, మూసిన సోర్సు మాడ్యూళ్లు హానికరం, అవాంఛనీయం అంటూ ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. తాళం వేయలేదు, అయిష్టాన్ని మాత్రం చాటింపు వేశారు.

ఇక సందుల సంగతి. సందు ఉంటే దూరేవాళ్లు ఉంటారుగా. చిన్న జీపీఎల్ మాడ్యూలు ఒకటి రాస్తారు. అది తోక ఉన్న ఫంక్షన్లని పిలిచి, అవే సేవల్ని తోక లేని పేర్లతో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. వెనక నిలబడ్డ మూసిన మాడ్యూలు దీన్ని పిలుచుకుంటుంది. కెర్నెల్ జనం దీనికి జీపీఎల్ కండోమ్ అని పేరు పెట్టారు. (నవ్వులు) పేరు నాది కాదండీ! 2020లో ఫేస్‌బుక్ నుంచి వచ్చిన ఒక నెట్‌వర్క్ ప్యాచ్ ఈ వాసన కొట్టేసరికి, కెర్నెల్ డెవలపర్ క్రిస్టఫ్ హెల్విగ్ 5.9 కెర్నెల్లో మార్పు తెచ్చారు. ప్రొప్రైటరీ మాడ్యూలు నుంచి సింబల్ తీసుకుంటే ఆ మరక నీకూ అంటుకుంటుంది, అంటుకుంటే తోక ఉన్న సింబల్స్ నీకు అందవు. అదే ఏడాది 5.7లో, ఏ సింబల్ చిరునామానైనా పేరుతో వెతికిపెట్టే కాల్‌సిమ్స్ లుకప్ ఫంక్షన్‌ని ఎక్స్‌పోర్ట్ జాబితాలోంచి తీసేశారు. దొడ్డిదారి ఒకటి మూసుకుంది.

ఇంతవరకు మూసిన కోడ్ గురించి మాట్లాడాను. కానీ నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది జెడ్ఎఫ్ఎస్ కథ మీద. ఎందుకంటే అక్కడ ఇద్దరూ మంచివాళ్లే.

జెడ్ఎఫ్ఎస్ సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల ఫైల్ సిస్టమ్. 2005లో ఓపెన్ సొలారిస్‌తో పాటు సోర్సు బయటపెట్టారు, సీడీడీఎల్ అనే లైసెన్సుతో. అది కూడా స్వేచ్ఛా లైసెన్సే. కానీ దాని కింద ఉన్న ఫైళ్లు దాని కిందే ఉండాలంటుంది. జీపీఎల్ ఏమో కలిపిన మొత్తం నా కిందికి రావాలంటుంది. విడివిడిగా రెండూ ఉదారమైనవే, ఒకే బైనరీలో కలిపి పంచబోతే రెండు షరతుల్నీ ఒకేసారి తీర్చే దారి లేదు. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ఆ కోడ్ లైసెన్సు మార్చగలవాళ్లు వాళ్లు, మార్చలేదు. 2020లో లినస్ తేల్చి చెప్పేశారు, ఒరాకిల్ ముఖ్య న్యాయవాదో, ఆ కంపెనీ వ్యవస్థాపకుడు ల్యారీ ఎలిసనో స్వయంగా సంతకం చేసిన ఉత్తరం వచ్చేదాకా జెడ్ఎఫ్ఎస్‌ని కెర్నెల్లో కలపను అని.

అదే జెడ్ఎఫ్ఎస్ 2008లో ఫ్రీబీఎస్డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ 7.0 వెర్షన్లో హాయిగా వచ్చేసింది. బీఎస్డీ లైసెన్సు పక్కవాడి లైసెన్సు ఏమిటని అడగదు. కోడ్ అదే, పని అదే. ఇల్లు మారింది, అంతే.

మరి లినక్స్ మీద జెడ్ఎఫ్ఎస్ వాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా, ఎలా? ఇక్కడే మనం గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఉంది, పంచడం. జీపీఎల్ రెండో వెర్షన్ తన పరిధి కాపీ చేయడం, పంచడం, మార్చడం వరకే అంటుంది. నడపడం మీద ఆంక్ష లేదు. కాబట్టి డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు లాంటి లినక్స్ కూర్పు) సోర్సు మాత్రమే ఇచ్చి, డీకేఎమ్ఎస్ అనే పనిముట్టు ద్వారా మీ కంప్యూటర్ మీదే మాడ్యూలు బిల్డ్ అయ్యేట్టు చూస్తుంది. రెండు లైసెన్సులూ కలిసింది మీ ఇంట్లో, మీ చేత్తో. దాన్ని మీరు ఎవరికీ ఇవ్వడం లేదు. కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా స్క్రీను మీద ఏదో చాలాసేపు కంపైల్ అవుతుంటుంది చూడండి, ఆ ఆలస్యంలో కొంత లైసెన్సుకి కట్టే సుంకమే.

2016లో ఉబుంటు 16.04 ఒక అడుగు ముందుకేసి, జెడ్ఎఫ్ఎస్‌ని కట్టిన మాడ్యూలుగానే పంచింది. "మా లాయర్లు చూశారు, ఇబ్బంది లేదు" అంది. జీపీఎల్ తరఫున నిలబడే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అది ఉల్లంఘనే అంది. ఎబెన్ మోగ్లెన్ నడిపే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ ఇంకో రకంగా చదివింది. జీపీఎల్‌ని ప్రాణంగా చూసుకునే లాయర్లే రెండు పక్షాలైతే, మీరూ నేనూ గీత ఇక్కడుందని వేలు పెట్టి ఎలా చూపిస్తాం? ఈ సంగతి కోర్టుకి ఎక్కలేదు.

కోర్టు కంటే ముందు దెబ్బ ఇంకో వైపు నుంచి పడింది. జెడ్ఎఫ్ఎస్ చెక్‌సమ్ (డేటా పాడైందో లేదో పసిగట్టే) లెక్కలకి ప్రాసెసర్‌లోని వెక్టర్ సూచనలు వాడుకుంటుంది. కెర్నెల్ లోపల వాటిని వాడాలంటే ముందు ఒక ఫంక్షన్‌ని పిలవాలి. 5.0 కెర్నెల్లో తోక లేని పాత ఫంక్షన్ పోయింది, మిగిలింది తోక ఉన్నది. జెడ్ఎఫ్ఎస్ వాళ్లు గోల పెట్టారు. గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ అయితే జెడ్ఎఫ్ఎస్ పట్ల తనకి సహనం లేదని మొహం మీదే చెప్పేశారు. చివరికి వాళ్లు రిజిస్టర్లని దాచి తిరిగి పెట్టే కోడ్ సొంతంగా రాసుకున్నారు. ఎవరూ ఎవరి మీదా దావా వేయలేదు. ఒక్క ఫంక్షన్ పోయేసరికి నెలల పని పడింది. మా వృత్తిలో లైసెన్సు పరిమితి తగిలేది ఎక్కువగా ఇలాగే, నోటీసుగా కాదు, ఆగిపోయిన బిల్డ్‌గా.

కోర్టు అన్నాను కదా. క్రిస్టఫ్ హెల్విగ్ 2015లో జర్మనీలోని హాంబర్గ్ కోర్టులో వీఎమ్‌వేర్ మీద దావా వేశారు. ఒకే యంత్రం మీద చాలా కంప్యూటర్లున్నట్టు నడిపే వాళ్ల ఈఎస్ఎక్స్ఐ సాఫ్ట్‌వేర్‌లోని కెర్నెల్, వీఎమ్‌కేలినక్స్ అనే పొర ద్వారా లినక్స్ డ్రైవర్ల కోడ్ వాడుకుంటోంది. మూసిన కెర్నెల్, జీపీఎల్ మాడ్యూలు, అంటే మన ప్రశ్న అద్దంలో తిరగేసినట్టు. అందరం ఎదురుచూశాం, ఇప్పుడైనా తేలుతుందని. 2016లో కొట్టేశారు. 2019లో అప్పీలు కూడా పోయింది. ఎందుకు? పుట్టిన రచన అంటే ఏమిటో కోర్టు తేల్చలేదు. ఫలానా లైన్లు ఫలానా చోట మీవేనని, వాటికి కాపీరైటు రక్షణ ఉందని మీరు తగినంత నిరూపించలేదు అంది. వేలమంది తలా ఒక చెయ్యి వేసిన కోడ్‌లో నా వాటా ఇది అని విడదీసి చూపించడం ఎంత కష్టమో చూడండి. కేసు గెలిచిన తర్వాత కూడా వీఎమ్‌వేర్ ఆ పొరని తీసేస్తామని ప్రకటించింది.

ఎన్విడియా గురించి అడుగుతారని తెలుసు. 2022 మేలో వాళ్లు కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సు ఎమ్ఐటీ, జీపీఎల్ జంట లైసెన్సుతో విడుదల చేశారు. సంతోషమే. అయితే అది ట్యూరింగ్ తరం, ఆ తర్వాత వచ్చిన కార్డులకే. ఎందుకంటే ఆ కార్డుల్లో ఒక చిన్న ప్రాసెసర్ ఉంది, ఇదివరకు డ్రైవర్ చేసే పనిలో చాలా భాగం ఫర్మ్‌వేర్ రూపంలో అందులోకి వెళ్లింది. యూజర్ వైపు లైబ్రరీలు మూసినవే. రహస్యం మాయం కాలేదండీ, గడపకి అవతలికి కొంత, ఇవతలికి కొంత సర్దుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల కంపెనీలు హార్డ్‌వేర్ రహస్యాల్ని కెర్నెల్లో పెట్టకుండా యూజర్ వైపు హాల్ అనే, హార్డ్‌వేర్‌తో మాట్లాడే పొరలో పెట్టుకోవడం కూడా ఈ సర్దుబాటే.

సరే, ప్రశ్నలు. మీరు చెప్పండి.

(ప్రశ్న: మేం మాడ్యూలు ఎవరికీ అమ్మం. మా సర్వర్లలోనే నడుపుకుంటాం. అప్పుడు కూడా సోర్సు ఇవ్వాలా?)

అక్కర్లేదు. మీ దగ్గరే ఉన్నంతవరకు పంచినట్టు కాదు. కానీ రేపు మీ అమ్మకాలవాళ్లు, ఇదే పెట్టెలో పెట్టి కస్టమర్ దగ్గర బిగించేద్దాం అంటారు చూడండి, ఆ రోజు మీకు ముందే కబురు అందేట్టు చూసుకోండి. ఇంకోటి, జీపీఎల్ రెండో వెర్షన్‌లో షరతు తప్పితే హక్కు దానంతటదే రద్దయిపోతుంది. 2017లో చాలామంది కెర్నెల్ డెవలపర్లు తప్పు దిద్దుకోవడానికి గడువిస్తామని ఒక ప్రకటనలో ఒప్పుకున్నారు. అది సంతకం పెట్టినవాళ్ల వాటాకే వర్తిస్తుంది.

(ప్రశ్న: కెర్నెల్లో రస్ట్ భాష వస్తోంది కదా, అందులో ఎలా?)

మంచి ప్రశ్న. రస్ట్ వైపు నుంచి ఎక్స్‌పోర్ట్ అయ్యే సింబల్స్‌కి జీపీఎల్ తోక పెట్టే పంపుతున్నారు. కెర్నెల్ లోపల చిన్న ప్రోగ్రాములు నడపనిచ్చే ఈబీపీఎఫ్‌లో కూడా ప్రోగ్రాము తన లైసెన్సు చెప్పుకోవాలి, కొన్ని సహాయక ఫంక్షన్లు జీపీఎల్ అన్నవాళ్లకే దొరుకుతాయి.

(ప్రశ్న: ఆ మెయిలుకి చివరికి ఏం జవాబు రాశారు సార్?)

మర్చిపోతారనుకున్నాను! (నవ్వులు) ఆ ఆబ్జెక్టు ఫైల్లో నిజంగా ఏముందని మొదటిసారి అప్పుడే కూర్చుని చూశాం. చాలావరకు కార్డు కొలతల్ని సరిచేసే లెక్కలు. అవి కెర్నెల్లో ఉండాల్సిన అవసరమే లేదు. వాటిని యూజర్ వైపు ఒక ప్రాసెస్‌లోకి మార్చి, కెర్నెల్లో ఇంటరప్టు, డీఎమ్ఏ చూసే చిన్న డ్రైవర్ మిగిల్చి, అది నిజంగానే జీపీఎల్ కింద పెట్టి సోర్సు లింకు పంపాం. అప్పటికే పంచేసిన పాత వెర్షన్ సంగతి లాయర్లు చూసుకున్నారు, ఆరు వారాల్లో నాలుగు దానికే పోయాయి. కస్టమర్ ఆ సోర్సు చూసి, నా లాకింగ్‌లో ఒక బగ్ పట్టి ప్యాచ్ పంపాడు. ఆ బగ్ మా టెస్టుల్లో ఒక్కసారి కూడా బయటపడలేదు.